కండక్టరమ్మ మెడలో మైకును

నేను ఒక మైకును. మైకు అనగానే పెళ్లిపందిట్లో నెత్తి మీద రెండు మొట్టికాయలు వేసి "హలో, హలో" అంటారే, ఆ లావుపాటి మైకును కాను. మెడలో తగిలించుకునే రకం. శనగగింజంత తల, మూరెడు తీగ, తీగ చివర నడుముకు కట్టుకునే చిన్న పెట్టె, ఇదీ నా ఒళ్లు. కళ్లు లేవు, ఉన్నది ఒక్కటే చెవి. అయినా నేను చూసినట్టే చెబుతుంటే ఆశ్చర్యపోకండి, శ్రద్ధగా వినేవాడికి సగం కనిపిస్తుంది. పైగా మనిషి గుండెకు బెత్తెడు దూరంలో వేలాడతాను కాబట్టి నోటి మాటా, లోపలి దడా రెండూ నాకు వినబడతాయి. ఆ రెండూ ఒకే తాళం మీద నడిచిన మనుషులు నాకు తక్కువమందే తగిలారు.

పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. ఒకావిడ నా తీగ అతికించి, చెవి దగ్గర నోరు పెట్టి ఏవో అంకెలు లెక్కపెట్టింది. ఏ భాషో తెలియదు గానీ గొంతు చల్లగా ఉంది. ఆఖరి అంకె దగ్గర తుమ్మింది. అదీ స్పష్టంగా విన్నానని నన్ను పాస్ చేసి డబ్బాలో పెట్టారు.

డబ్బా తెరిచింది హైదరాబాదులో. సామాన్లు అద్దెకిచ్చే ఒక కొట్టువాళ్లు నన్ను ఊరంతా తిప్పారు. వంటల కార్యక్రమంలో ఒకావిడ మెడలో వేలాడాను. "అద్భుతం! మా అమ్మ చేతి వంట గుర్తొచ్చింది" అని కెమెరా వైపు తిరిగి నమిలింది, కెమెరా ఆగగానే "నీళ్లు, నీళ్లు" అని గొణిగింది. కోపాన్ని జయించడమెలాగో గంటన్నర చెప్పిన పెద్దమనిషి మెడలోనూ వేలాడాను. కారెక్కేముందు నన్ను తీసేయడం మరిచిపోయాడు. డ్రైవరుతో ఆయన మాట్లాడిన భాష నేనిక్కడ చెప్పను, చదివేవాళ్లలో ఆయన శిష్యులు ఉండవచ్చు. ఇలా మనుషుల మీద నాకు పెద్ద భ్రమలేమీ లేకుండా పోయిన రోజుల్లో నన్ను "వందరోజుల కాపురం"లో పడేశారు.

ఆ కార్యక్రమం సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒకరికొకరు తెలియని పన్నెండుమందిని ఒక ఇంట్లో పెట్టి తలుపు వేస్తారు. చుట్టూ కెమెరాలు. వారానికొకరిని జనం ఓట్లతో బయటికి పంపిస్తారు. గోడలోంచి "ఇంటిపెద్ద" అనే ఒక గొంతు ఆజ్ఞలు ఇస్తుంటుంది. ఒక నియమం మాత్రం ఎవరూ తప్పకూడదు. నిద్రలేచింది మొదలు మైకు మెడలోంచి తీయకూడదు. తింటున్నా, తిడుతున్నా, ఏడుస్తున్నా మేము ఉండాల్సిందే.

గోడ అవతల చీకటిగదిలో మమ్మల్ని వినే మనిషి సాయిలు. నిజామాబాదు వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా ఇదే పని. లోపలికి వెళ్లేవాళ్లకు మొదటిరోజు తనే మైకు తగిలించి, గొంతు ఎంత బలంగా ఉందో చూసి, నడుం దగ్గరి పెట్టె మీది బటను తిప్పి ఒక అంకె మీద ఆపుతాడు. గట్టిగా మాట్లాడేవాళ్లకు చిన్న అంకె చాలు. గొంతు తగ్గేకొద్దీ అంకె పెంచాలి. ఆ అంకెను తెల్ల టేపు ముక్క మీద రాసి పెట్టెకు అంటిస్తాడు. ఆ తర్వాత రోజూ బ్యాటరీ మార్చడానికి పెట్టెలు గోడలోని చిన్న కిటికీ గుండా ఆయన దగ్గరికి వస్తాయి. అంకె మార్చాల్సి వస్తే పాతది కొట్టేసి కొత్తది రాస్తాడు. ఆయన అలవాటు అది, ఎవరూ చేయమన్న పని కాదు.

నన్ను తగిలించినామె పేరు అప్పలనరసమ్మ. సాలూరు డిపోలో బస్సు కండక్టరు. ముప్పై అయిదేళ్లుంటాయి.

"ఏదైనా మాట్లాడు అక్కా, జర చూస్త" అన్నాడు సాయిలు.

"ఏటి మాటాడాలి బాబూ? ఎనక్కి జరగండి, ఎనక్కి జరగండి! మెట్ల మీద నిలబడిపోనారేటి? లోపల బోల్డు కాళీ ఉంది!"

నా ప్రాణం పోయినంత పనయింది. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. సాయిలు హెడ్‌ఫోను లాగేసి, చెవి రుద్దుకుని, పకపకా నవ్వాడు. బటను వెనక్కి తిప్పుకుంటూ పోయి మూడు దగ్గర ఆపాడు. "ఇన్నేండ్లల్ల మూడు ఎవ్వరికీ పెట్టలే" అంటూ టేపు మీద రాశాడు.

ఆమెను ఈ ఇంటికి తెచ్చింది ఒక చిన్న వీడియో. కొండ దిగి సంతకు చింతపండు మూట తెస్తున్న ఒక ముసలామె మాటను అనుకరించి ఇద్దరు కుర్రాళ్లు బస్సులో ఏడిపిస్తున్నారట. అప్పలనరసమ్మ "హోల్డాన్!" అని ఒక్క కేక పెట్టింది. కండక్టరు ఆ మాట అంటే ఎంతటి డ్రైవరైనా బ్రేకు మీద కాలు వేయాల్సిందే. "ముసిల్దాయికి తప్పైపోనాదని సెప్పండి. అందాకా బస్సు కదల్దు" అని ఇరవై నిమిషాలు నడిరోడ్డు మీద నిలబెట్టింది. వాళ్లు చెప్పాకే "రైట్, రైట్" అంది. ఎవరో ఫోనులో తీసిన ఆ కేకను లక్షలమంది చూశారు.

మొదటివారం ఇల్లంతా ఆమెదే. పొద్దున్నే "లెగండి, లెగండి, లాస్టు స్టాపు!" అని అందరినీ లేపేది. నేను ఆ గుండె పక్కన హాయిగా ఊగేవాడిని. నోరూ గుండే ఒకే తాళం మీద నడిచే మనిషి ఇన్నాళ్లకు దొరికిందని మురిసిపోయాను.

ఆ ఇంట్లోనే నిశాంత్ అనే సీరియల్ నటుడున్నాడు. సీరియల్లో అతనిది దీనుల పక్షాన నిలబడే వకీలు వేషం. ఇంట్లో ఉన్నప్పుడు వేషం లేదు. మిమిక్రీ బాగా చేస్తాడు, ఆ మాట కాదనను. ఒకరోజు భోజనాలయ్యాక అప్పలనరసమ్మ గొంతు చేసి చూపించాడు. అందరితోపాటు ఆమె కూడా కడుపుబ్బ నవ్వింది. మర్నాడూ చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. తర్వాత అది రోజువారీ కార్యక్రమమైంది. ఆమె "సూడు" అంటే నాలుగు మూలల నుంచి నాలుగు "సూడు"లు వచ్చేవి. ఉప్పు అడిగినా "ఏటీ? ఏటీ? మళ్లీ అను" అనేవారు. "సరదాకే అక్కా, నువ్వంటే మాకెంత ఇష్టమో" అని చివర్లో ఒక ముక్క కలిపేవాడు నిశాంత్. ఆ ముక్క వల్ల కోప్పడే దారి కూడా మూసుకుపోయేది.

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. కానీ ఆ నవ్వులో ఊపిరి లేదని నాకు తెలుసు. మాట్లాడే ముందు ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టింది. ఆ క్షణంలో లోపల మాటలు ఏరుకుంటోంది. మూడోవారానికి పొద్దుటి కేకలు ఆగిపోయాయి. సాయిలు మూడు కొట్టేసి అయిదు రాశాడు. తర్వాత అయిదు కొట్టేసి ఎనిమిది రాశాడు.

ఒకరోజు స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడు మాటున ఆమె మెల్లగా ఏదో చదువుతోంది. చెవి రిక్కించాను. "చెప్పు... చూడు... చేసేశావు... వచ్చేశాను..." బడిపిల్లలా పదేపదే అంటోంది. మధ్యలో "సెప్పు" అని జారితే, తనే నోటి మీద కొట్టుకునేది. చురుక్కున తగిలింది నాకు ఆ దెబ్బ. కొండదారిలో బస్సును నిలబెట్టిన గొంతు కుళాయి కింద దాక్కుంటుంటే ఏమీ చేయలేని నా బతుకు మీద రోత పుట్టింది.

ఆమె మాట చదునైపోయాక నిశాంత్‌కు సరదా తగ్గింది. అతని చూపు మస్తాన్‌వలీ మీద పడింది. నెల్లూరులో దోసెల కొట్టు నడిపే మస్తాన్‌వలీకి నత్తి. మొదటి అక్షరం దగ్గర మాట తట్టుకుని ఆగుతుంది, కాస్త ఓపిక పడితే వచ్చేస్తుంది. ఆ సాయంత్రం నిశాంత్ మస్తాన్‌లా ఒక్క మాట మీద నిలబడి, నిలబడి, చివరికి ఈల వేశాడు. ఇల్లంతా గొల్లున నవ్వింది.

అప్పలనరసమ్మ కూడా నవ్వింది. ఈసారి నవ్వులో ఊపిరుంది. నిజం నవ్వు. ఇన్నాళ్లకు వాళ్ల చూపు తన మీద నుంచి పక్కకు జరిగిందన్న నెమ్మది అందులో ఉంది. చింతపండు మూట ముసలామె కోసం బస్సు ఆపిన మనిషేనా ఈమె అనిపించింది. ఆమెను వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మర్నాడు పొద్దున మస్తాన్‌వలీ రోజూలాగే ఆమెకు దోసె తెచ్చి ఇచ్చాడు. పళ్లెంలో పెడుతుంటే కరకరమంది.

"అ... అక్కా, నిన్న నువ్వు న... నవ్వినావు చూడు, బాగుండింది. ఎన్ని రో... రోజులైందో నువ్వట్టా నవ్వి."

దెప్పుతున్నాడేమోనని అతని గొంతంతా వెతికాను. లేదు. నిజంగానే సంతోషించాడు. దోసె పళ్లెంలో అలాగే ఉండిపోయింది, తుంచిన చప్పుడు రాలేదు. ఆమె గుండె మాత్రం గతుకుల రోడ్డు మీద పడింది. చాలాసేపటికి "మస్తానూ" అని పిలిచింది గానీ, అప్పటికే అతను పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఇంటిపెద్ద ఆజ్ఞ వచ్చింది. అందరూ కలిసి ఒక నాటిక వేయాలి. మధ్యలో ఆగకుండా పూర్తయితే ఆ వారానికి గుడ్లు, పాలు, కాఫీపొడి వస్తాయి. ఆగితే బియ్యం, పప్పు మాత్రమే. ఆ వారం ఇంటి కెప్టెన్ లహరి అనే గాయని. నాటిక అల్లే పని ఆమె నిశాంత్‌కు అప్పగించింది.

నిశాంత్ అల్లిన నాటిక దోసెల కొట్టు. తను యజమాని, మస్తాన్‌వలీ తినడానికి వచ్చినవాడు. "ఒక నెయ్యి దోసె" అని ఒక్క గుక్కలో అడగాలి. ఎక్కడ తట్టుకున్నా మళ్లీ మొదటి నుంచి. అందరూ చప్పట్లు కొడుతూ లెక్కపెట్టాలి. ఇంత చిన్న మాట ఎవరికి కష్టం అనుకుంటారు. కష్టమయ్యేవాడి చేత చెప్పించడమే అందులోని వినోదం.

"ఒ... ఒ..."

"మళ్లీ! రెండు!" చప్పట్లు.

"ఒ... ఒక న..."

"మళ్లీ! మూడు!" చప్పట్లు, నవ్వులు, ఎవరో ఈల.

ఏడు దాకా వచ్చింది. మస్తాన్‌వలీ ఊపిరి ఎగబీలుస్తున్నాడు. ముక్కు చీదిన చప్పుడు వినబడింది. నా పక్కన అప్పలనరసమ్మ గుండె దడదడలాడుతోంది. ఆమె చేతులు చప్పట్లు కొట్టడం ఎప్పుడో మానేశాయి. "ఎనిమి..." అని వాళ్లు అనబోయేంతలో వచ్చింది.

"హోల్డాన్!"

నేను ఎనిమిది మీద ఉన్నాను. ఎనిమిది అంటే చీమ నడిచినా వినబడే అంకె. ఆ అంకె మీద ఆ కేక! గోడ అవతల సాయిలు కుర్చీలోంచి లేచిపోయాడని తర్వాత తెలిసింది. ఇంట్లో చప్పట్లు టక్కున ఆగాయి. నాకు చెవి గింగుర్లెత్తినా, ఆ రోజంత ఆనందం మళ్లీ ఎన్నడూ ఎరగను.

"మస్తానూ, ముందు నీకు సెప్పుకోవాల" అంది. మాట ఏరుకోలేదు, ఆగలేదు. "నిన్న నిన్ను ఎక్కిరించినప్పుడు నానూ నవ్వినాను. నా మీద నుంచి పోనాది కదా అనీసి నవ్వీసినాను. తప్పైపోనాది, నాయినా."

"అ... అక్కా, ప... పర్లేదులే."

"పర్లేదు అనీకు. పర్లేదు పర్లేదు అనీసే నాను మూడు వారాలు నోరు మూసుకున్నాను." తర్వాత మిగిలినవాళ్ల వైపు తిరిగింది. "వాడు వాడి టైములో సెప్తాడు. మనం ఇంటాం. అందాకా ఈ బస్సు కదల్దు."

లహరి గాభరా పడింది. "అక్కా, నాటిక ఆగిపోతే వారమంతా గుడ్లు, పాలు ఉండవు. అందరికీ నష్టం. ప్లీజ్ అక్కా."

"నేకపోతే నేకపోయాయి. గంజి తాగుతాం. గంజి తాగి ఎవుడూ సావలేదు."

ఇంటిపెద్ద గొంతు గోడలోంచి పలికింది. నాటిక ఆగినందువల్ల గుడ్లు, పాలు, కాఫీ రద్దు. ఇల్లంతా గోల. మిగతావాళ్లంతా ఆమె మీద విరుచుకుపడ్డారు. అప్పుడు నిశాంత్ దగ్గరికి వచ్చాడు. నన్ను పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరు చెడ్డమాట చెప్పాలనుకున్నా ముందు ఎదుటివాళ్ల మైకు మూసేవారు. తమ మెడలో ఇంకొకటి వేలాడుతోందన్న సంగతి మాత్రం పన్నెండుమందిలో ఒక్కరికీ తట్టలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటారే, అదే. నన్ను నొక్కినా, అతని ఎదురొమ్ము మీది నా తోటివాడు ప్రతి అక్షరమూ విన్నాడు.

"నీ భాష విని జనం నవ్వుతారనే నిన్ను ఇక్కడ ఉంచారు" అన్నాడు నిశాంత్ పళ్ల బిగువున. "నువ్వంటే అంతే. అర్థమైందా? ఈ వారం నువ్వే బయటికి."

అప్పలనరసమ్మ అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. తొందరేం పడలేదు.

"సెయ్యి తియ్యి బాబూ. సెప్పాల్సింది ఉంటే మైకులోనే సెప్పు, అందరూ ఇంటారు. సెవిలో సెప్పుకోడానికి మనమేటి సుట్టాలమా?"

మిమిక్రీ కళాకారుడికి సొంత గొంతు కావలసి వచ్చినప్పుడు వెతుక్కోవాల్సి వచ్చింది. నిశాంత్ అడుగుల చప్పుడు వెనక్కి పోయింది.

"సెప్పు మస్తానూ. ఏటి కావాల నీకు?"

"ఒ... ఒ..." ఆగాడు. ఎవరూ లెక్కపెట్టలేదు. ఫ్రిజ్ మోత తప్ప ఇంకే చప్పుడూ లేదు. "ఒక... న... నెయ్యి దోసె."

"రైట్, రైట్!" అంది కండక్టరమ్మ.

వారమంతా ఆ ఇంట్లో అందరూ సణుక్కుంటూ నీళ్ల పప్పు తిన్నారు. అయితే సాయంత్రం మిమిక్రీ మాత్రం మళ్లీ జరగలేదు. మూడోరోజు లహరి వచ్చి, "అక్కా, నేను కూడా చప్పట్లు కొట్టాను" అని ఊరుకుంది. అప్పలనరసమ్మ "కూకో, ముందు తిను" అంది. ఆ వారమంతా ఆమె ఒక్క మాట కూడా కుళాయి కింద చదవలేదు. పొద్దున్నే లాస్టు స్టాపు కేక మళ్లీ మొదలైంది. సాయిలు బటను రోజూ కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ వచ్చాడు గానీ, టేపు మీది ఎనిమిదిని మాత్రం ఎందుకో కొట్టేయకుండా ఉంచాడు.

న్యాయం జరిగిందని చెప్పి ముగించాలని నాకూ ఉంది. టీవీలో ఆ గొడవ చాలావరకు కోసేశారు. పిడికిలి ముక్క అసలే రాలేదు. గుడ్లు, పాలు పోగొట్టిన మొండి కండక్టరు మాత్రం వచ్చింది. ఓట్లు తగ్గాయి. నిశాంత్ జోస్యం ఫలించి, ఆదివారం నాడు ఆమె పేరే పిలిచారు. మస్తాన్‌వలీ వెక్కివెక్కి ఏడిస్తే "ఊరుకో, మా బస్సు రోజూ ఉంటాది, ఎప్పుడైనా ఎక్కు" అని వీపు తట్టింది. ఆమె గుండె ఆ సమయంలో ఎంత నిమ్మళంగా ఉందో నేనొక్కడినే సాక్షిని. ఓడినవాళ్ల గుండెలు, గెలిచినవాళ్ల గుండెలు చాలా విన్నాను. అంత నిమ్మళం ఎక్కడా వినలేదు.

బయటి గదిలో నన్ను విప్పడానికి సాయిలే వచ్చాడు.

"నా గొంతు మీకు ఇబ్బందైపోనాదా బాబూ?" అంది ఆమె.

"ఇబ్బందా?" అన్నాడు సాయిలు. "మూడు వారాలు నువ్వు వినరాక పరేషానైన అక్కా. నల్లా కింద నువ్వు ప్రాక్టీసు జేస్తుంటే హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టిన. వినబుద్ధి కాలె."

"ఎవులికీ ఇనపడదనుకున్నాను" అంది ఆమె.

సాయిలు నా బటనును మూడు దాకా వెనక్కి తిప్పాడు. టేపు మీద కలం గీసిన చప్పుడయింది. ఎనిమిది కొట్టేసి, మళ్లీ మూడు రాశాడు.

మస్తాన్‌వలీ చివరివారం దాకా ఉన్నాడు. ఆఖరిరోజు వేదిక మీద ఒకే ఒక్క వాక్యం చెప్పడానికి చాలా సమయం తీసుకున్నాడట. హాలంతా ఆగి విన్నదట. అది నేను స్వయంగా వినలేదు, తోటి మైకులు చెప్పుకున్నాయి.

ఇప్పుడు నా క్లిప్పు విరిగింది, తీగకు రెండుచోట్ల టేపు చుట్టారు. కొత్త మైకులు వచ్చాయి. అద్దెకొట్టువాళ్లు నన్ను పాతసామాన్ల డబ్బాలో వేయబోతే సాయిలు అడిగి తీసుకున్నాడు. ప్రతి ఏడూ లోపలికి వెళ్లబోయేవాళ్లకు గొంతు పరీక్ష నాతోనే చేస్తాడు. భయంతో, బెరుకుతో, ఎవరు నవ్వుతారో అన్న లెక్కతో వస్తారు. ఒకరు పల్లెమాట మింగేస్తారు, ఒకరు నోట్లోనే గొణుగుతారు. మొన్న ఒక ఆదిలాబాదు అమ్మాయి వచ్చింది, పేరు చెప్పడానికే గొంతు పెగల్లేదు.

సాయిలు పక్కనున్న కొత్త కుర్రవాడు నా బటను మీద చెయ్యి వేసి, "మూడు మీదుంది సార్, తొమ్మిదికి పెంచమంటారా?" అన్నాడు.

"ముట్టకు" అన్నాడు సాయిలు. "మూడు మీదనే ఉండనీ. చెప్పు బిడ్డా, మేం ఆగుతం."

గదిలో ఎవరూ కదల్లేదు. ఆ అమ్మాయి గుండె నా పక్కన కొట్టుకుంటోంది. ఒకసారి గొణిగింది, అందలేదు. రెండోసారి ఊపిరి నిండా పీల్చుకుంది. నేను చెవి ఒగ్గి కాచుకున్నాను.